పెదనాన్న కట్టిన స్పిట్‌ఫైర్

పెదనాన్న పోయాక ఆయన బల్ల సర్దే పని నా వంతుకొచ్చింది. అడుగు సొరుగు నిండా చిట్టి చిట్టి రంగు డబ్బాలు, ఒక్కోటి 14 మిల్లీలీటర్లది. మూతల అంచుల్లో రంగు ఎండి పెచ్చులు కట్టింది. నెంబర్లు మాత్రం ఇంకా చదవొచ్చు: 29, 30, 78, 90. 30 డబ్బా తీసి, పాత స్క్రూడ్రైవర్ మొన మూత కింద పెట్టి, కొంచెం కొంచెంగా చుట్టూ తిప్పుతూ లేపాను. పైన గోధుమరంగు నూనె తేరుకుని ఉంది. కింద అంతా గట్టి ముద్ద. పుల్లతో అడుగు గీరుతూ కలిపితే చాలాసేపటికి ముదురాకుపచ్చ పైకొచ్చింది. ఇప్పటికీ చక్కగా వేసుకోవచ్చు ఆ రంగు. మోడళ్ళకి వేసే ఈ హంబ్రాల్ ఎనామిల్ మూత గట్టిగా బిగిస్తే దశాబ్దాలు నిలుస్తుందని ఆయన చెప్పినప్పుడు నేను చిన్నపిల్లని, నమ్మలేదు.

రంగుతోపాటు వాసనా లేచింది. ఎనామిల్, దాన్ని పలచన చేసే వైట్ స్పిరిట్ కలిసిన ఘాటు. అది ముక్కుకి తగలగానే నాకు బల్లదీపం, దాని కింద వెల్లకిలా పడుకోబెట్టిన ప్లాస్టిక్ మోడల్ స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం), దాని మీదికి వంగిన పెదనాన్న కనిపించారు. నోట్లో ఒక బ్రష్, చేతిలో ఒక బ్రష్, చెవి మీద పెన్సిల్.

* * *

అంతకుముందు ఆయన కట్టిన విమానాలన్నీ 1/72 సైజువి, అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. అంత చిన్న స్పిట్‌ఫైర్ రెక్కల చివర నుంచి చివరకి 16 సెంటీమీటర్లు కూడా ఉండదు. అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసుకోవచ్చు. పెద్ద కిట్ పెట్టె ఇంట్లోకి వచ్చిన రోజు మాత్రం, దాన్ని పెట్టడానికి ముందు బల్ల ఖాళీ చేయాల్సి వచ్చింది.

అది 1/24. అసలు విమానంలో 24 అంగుళాలు ఇక్కడ ఒక అంగుళం. మోడల్ కిట్లు చేసే ఎయిర్‌ఫిక్స్ కంపెనీ ఆ సైజులో మొట్టమొదట తెచ్చింది స్పిట్‌ఫైర్‌నే, 1970లో. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు, పొడవు 9.12. పెదనాన్న నా చేత కాగితం మీద భాగహారం చేయించారు: 47 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. తరవాత బల్ల మీద సుద్దముక్కతో ఆ కొలతలు గీశారు. మోడల్ పూర్తయ్యేదాకా ఆ గీతలు చెరపనివ్వలేదు. దుమ్ము తుడిచేవాళ్ళు ఎవరైనా సరే ఆ గీతల బయటే తుడవాలి.

పెట్టె తెరిస్తే బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేములు, వాటికి అంటుకుని ముక్కలు. నేను ఒక ముక్క విరవబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "విరవకూడదమ్మలూ. కత్తిరించాలి. అదీ ముక్కకి ఆనించి కాదు, కాస్త ఎడంగా. మిగిలిన మొలక తరవాత బ్లేడుతో తీద్దాం."

ఫ్రేములన్నిటినీ గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి కడగడం నా పని. అచ్చులోంచి ప్లాస్టిక్ సులువుగా ఊడిరావడానికి రాసిన జిడ్డు ముక్కల మీద మిగిలిపోతుంది. అది పోకపోతే రంగు పట్టదు. పాత టూత్‌బ్రష్‌తో రెక్కల మీది రివెట్ల (రేకుల్ని బిగించే మేకుల) వరసల వెంట రుద్దుతుంటే వేళ్ళకి ఆ చుక్కలన్నీ తగిలేవి. ఆ విమానం నాకు ముందు చేతులకి తెలిసింది, తరవాతే కళ్ళకి.

* * *

పెద్ద మోడల్‌లో దాచుకోవడానికి చోటుండదు. చిన్నదాంట్లో కాక్‌పిట్ అంటే ఒక సీటు, ఒక బొమ్మ, మీద గాజు మూత, అంతే. 1/24లో పైలట్ బొమ్మ నిలబడితే ఏడు సెంటీమీటర్ల పైన ఉంటుంది. డయళ్ళు కనిపిస్తాయి, కంట్రోల్ స్టిక్ మీది గుండ్రటి పిడి కనిపిస్తుంది, బెల్టులు లేకపోతే లేవని తెలిసిపోతుంది.

కాక్‌పిట్ లోపలికి 78 నెంబరు, బ్రిటిష్ విమానాల్లో వేసే ఆ బూడిద కలిసిన ఆకుపచ్చ. అది ఆరాక నల్లరంగుని బాగా పలచన చేసి మూలల్లోకి జారవిడిచేవారు. ఆ తరవాత బ్రష్‌కి కాస్త లేతరంగు అంటించి, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, అంచుల మీద మాత్రం ఊరికే అలా ఆడించేవారు. ఒక్కో పోటుకి ఒక్కో కడ్డీ, ఒక్కో బోల్టూ పైకి తేలేవి. సీటుకి ఇటుకరంగు వేశారు. స్పిట్‌ఫైర్ సీట్లలో చాలా భాగం కాగితం, రెజిన్ కలిపి ఒత్తి చేసినవి, వాటి రంగు అదే. డయళ్ళకి నల్లరంగు వేసి, అంకెల గీతలు సూదిమొనంత తెలుపుతో పెట్టి, ఆరాక ఒక్కో డయల్ మీద ఒక్కో బొట్టు వార్నిష్ వదిలారు. ఆ బొట్టు ఆరేసరికి అద్దం బిగించినట్టే మెరిసింది. అది చూసి నేను అరిచిన అరుపుకి వంటింట్లోంచి పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది.

బెల్టులు సన్నటి సీసపు రేకులోంచి కోసినవి. భుజాల దగ్గర నుంచి సీటు మీదికి వాలి, కాస్త నలిగి పడుండాలని వాటిని పట్టకారుతో వంచి చూసుకుంటూ ఓ సాయంత్రమంతా గడిపారు. నిటారుగా ఉన్న బెల్టు ఎవరూ కట్టుకోని బెల్టులా ఉంటుందట.

* * *

అసలు యుద్ధం ఇంజన్ దగ్గర మొదలైంది.

ఆ కిట్‌లో మెర్లిన్ ఇంజన్ పూర్తిగా ఉంది. రోల్స్ రాయిస్ వాళ్ళ 27 లీటర్ల వీ-12. రెండు వరసల సిలిండర్లు, వెనకాల ఇంజన్‌లోకి గాలి నెట్టే సూపర్‌చార్జర్, గొట్టాలు, బిగింపు చట్రం. పెదనాన్న దానికి నల్లరంగు వేసి, ఎగ్జాస్ట్ మూతులకి తుప్పు, మసి కలిపిన రంగు అద్ది, కిట్‌లో లేని వైర్లని సన్నటి రాగితీగతో తానే జోడించారు. అంతా అయ్యాక పైన కవర్లు పెట్టి మూసేద్దామన్నారు.

నేను ఒప్పుకోలేదు. ఇంత చేసి మూసేయడమేంటి?

"స్పిట్‌ఫైర్ అందం దాని ముక్కు దగ్గర మొదలయ్యి రెక్క చివర దాకా తెగకుండా సాగే గీతలో ఉంది. కవర్లు తెరిచి పెడితే ఆ గీత తెగిపోతుంది" అన్నారు.

"మరి వైర్లెందుకు పెట్టారు పెదనాన్నా, ఎవరికీ కనబడనప్పుడు?"

"అవి ఉన్నాయని మనిద్దరికీ తెలుసుగా."

ఇది ఇప్పటికీ మోడల్ కట్టేవాళ్ళ మధ్య తెగని వాదనే. ఇంజన్ చూపించాలా, ఆకారం కాపాడుకోవాలా అని. పెదనాన్న చివరికి కవర్లని అతికించకుండా ఊరికే పెట్టి వదిలారు. వచ్చిన చుట్టాలు మామూలుగా చూసి "బావుంది" అని వెళ్ళిపోయేవారు. రెండోసారి వంగి చూసినవాళ్ళకి మాత్రం ఆయన గోటితో కవరు లేపి లోపల చూపించేవారు. నా మట్టుకు నేను ఇప్పుడు ఆయన పక్షమే. మూసిన ముక్కే అందం. లోపల ఇంజన్ ఉండి మూసిన ముక్కు.

* * *

బాడీ రెండు సగాలూ కలిపిన రోజు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలని ఆర్డరు. ట్యూబు గమ్ము ఆయన వాడరు, అది చిక్కగా బయటికి పొంగి ప్లాస్టిక్‌ని పాడు చేస్తుందని. సీసాలో నీళ్ళలా ఉండే సిమెంటు వాడేవారు. రెండు సగాలూ వేళ్ళతో దగ్గరగా పట్టుకుని, బ్రష్ కొన ఆ సందుకి ఆనిస్తే చాలు, ద్రవం తనంతట తానే ఆ గీత వెంట పరిగెత్తేది. అది ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. కాస్త నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి తీగలా పైకి ఉబికి వస్తుంది. ఆ తీగ కనబడితే అతుకు బాగా పడినట్టు. దాన్ని తడి వేలితో కూడా ముట్టుకోకుండా మర్నాటి దాకా వదిలేయాలి.

ఆ తరవాత రోజుల తరబడి వినిపించిన చప్పుడు ఒకటే, నీళ్ళలో ముంచిన సాండ్‌పేపర్ రుద్దుడు. ముందు 400 నెంబరు, తరవాత 600, ఆఖరికి అన్నిటికంటే నున్నటి 1000. రెక్క బాడీకి కలిసే చోట సందుల్లో పుట్టీ పెట్టి, మళ్ళీ రుద్దుడు. పక్కగదిలో చదువుకుంటూ ఆ చప్పుడు బట్టి ఏ పేపర్ వాడుతున్నారో చెప్పగలిగేదాన్ని.

అతుకు పోయిందో లేదో చూడటానికి దాని మీద వెండిరంగు పూసేవారు. బూడిద ప్లాస్టిక్ మీద కంటికి ఆనని గీత వెండి కింద కొట్టొచ్చినట్టు బయటపడుతుంది. "అదిగో, ఇంకా ఉంది" అని నేను చూపిస్తే, ఏమీ అనకుండా మళ్ళీ నీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కునేవారు.

రుద్దుతున్నంతసేపూ కథలు చెప్పేవారు. స్పిట్‌ఫైర్‌ని రూపొందించిన ఆర్.జె. మిచెల్ గురించి ఎక్కువగా. జబ్బు చేసి ఆపరేషన్ అయ్యాక కూడా డ్రాయింగు బల్ల వదల్లేదని, 1936 మార్చి 5న మొదటి స్పిట్‌ఫైర్ గాల్లోకి లేవడం చూశాడని, మరుసటి సంవత్సరమే 42 ఏళ్ళకి పోయాడని, 1938లో అది వాయుసేనలో చేరేనాటికి ఆయన లేడని. పొడవైన దీర్ఘవృత్తాకారపు రెక్క చూడ్డానికి అందం కోసం గీసింది కాదని, పలచటి రెక్కలోనే చక్రాలూ ఎనిమిది తుపాకులూ పట్టాలని చూస్తే అలా వచ్చిందని. అదే రెక్క మీద ఉప్పుకాగితం ఆడిస్తూ ఆ మాట చెప్పేవారు, వంపు ఎక్కడా చదును కాకూడదని.

నాకు బాగా నచ్చింది బఠాణీల కథ. మొదటి విమానానికి రివెట్లన్నీ లోహంలోకి సమంగా దిగినవి. అవి వేయడానికి టైమూ ఖర్చూ ఎక్కువ. బుడిపె రివెట్లయితే సులువు, కానీ వేగం ఎంత పోతుంది? తెలుసుకోడానికి ఎండు బఠాణీ బద్దలు తెచ్చి ఒక్కో రివెట్ మీదా ఒక్కో బద్ద అతికించారు. అలా ఎగరేసి చూసి, తరవాత ఒక్కో చోట బద్దలు గీకేస్తూ మళ్ళీ మళ్ళీ ఎగరేశారు. ఎక్కడ బుడిపె ఉన్నా ఫర్వాలేదో అలా తేల్చుకున్నారు. ఆ కథ విన్నాక సాండ్‌పేపర్ కింద చెరిగిపోయిన రివెట్లని సూదితో మళ్ళీ పెట్టే పని నేనే అడిగి తీసుకున్నాను.

* * *

రంగుల రోజులు వచ్చాయంటే తలుపులు మూత, కిటికీలు బార్లా. ఫ్యాన్ బంద్. దుమ్ము రేగకూడదు.

ఇప్పుడందరి దగ్గరా కంప్రెసర్లున్నాయి, చప్పుడు కూడా చెయ్యనివి. అప్పుడు మా దగ్గరున్నది ఒక కారు టైరు. దాన్ని పంపుతో నింపి, వాల్వుకి గొట్టం తగిలించి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కి కలిపేవారు. స్స్... అని ఒకే శ్రుతిలో మొదలయ్యే చప్పుడు, గాలి తగ్గేకొద్దీ మందగించేది. చుక్కలు చుక్కలుగా పడటం మొదలవ్వకముందే "అమ్మలూ, గాలి" అనేవారు. నేను పంపు మీదికెక్కి తొక్కేదాన్ని. ఆ మోడల్‌లో నా కాళ్ళ కష్టం కూడా ఉంది.

రంగు పాలంత పలచగా ఉండాలి. ఎయిర్‌బ్రష్ గిన్నె గోడకి ఒక చుక్క తగిలించి, అది కిందికి ఎలా జారుతుందో చూసి సరిచేసుకునేవారు. డబ్బాలోది ఉన్నదున్నట్టు వేయరు. చుక్కంత తెలుపు కలుపుతారు. మైదానంలో దూరంగా నిలబడ్డ విమానం రంగు మధ్యలో గాలి పొర ఉండబట్టి కాస్త పాలిపోయి కనిపిస్తుంది, బల్ల మీది విమానాన్ని కూడా మనం దూరం నుంచి చూస్తున్నట్టే లెక్క అనేవారు. చిన్న సైజుకి తెలుపు ఎక్కువ, పెద్ద సైజుకి తక్కువ.

ముందు కడుపు భాగానికి 90, స్కై అనే ఆ పాలిపోయిన ఆకుపచ్చ. 1940 జూన్ నుంచి యుద్ధవిమానాల అడుగు భాగానికి వచ్చిన రంగు. అది పూర్తిగా ఆరాక టేపు వేసి, పైన అంతా 29, మట్టిరంగు. దాని మీద 30తో పచ్చటి మెలికలు.

ఆ మెలికల దగ్గరే మనసంతా పెట్టేవారు. అవి ఇష్టం వచ్చినట్టు గీసినవి కావు. ఫ్యాక్టరీలో నమూనా ఉండేది. దానికి అద్దంలో ప్రతిబింబంలాంటి రెండో నమూనా. వరస విమానాలకి ఒకటి విడిచి ఒకటి వేసేవారు. పెదనాన్న నమూనాని మోడల్ కొలతకి పెద్దది చేసి మందపాటి కాగితం మీద గీసి, ముక్కలుగా కత్తిరించి, విమానం మీద ఆనించకుండా, అడుగున మెత్తటి జిగురుమట్టి తాడులా చుట్టి, కొద్దిగా ఎత్తులో నిలబెట్టేవారు. అప్పుడు రంగు అంచు బ్లేడుతో కోసినట్టు కాకుండా సన్నటి నీడలా కరుగుతుంది. ఆ కరిగే వెడల్పు కూడా లెక్కే. అసలు విమానం మీద అంగుళం ఉంటే ఇక్కడ ఒక మిల్లీమీటరు. అంతకంటే వెడల్పయితే బొమ్మ అని తెలిసిపోతుంది.

కాగితాలు తీసేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. తోక వైపు నుంచి ఒక్కోటి పైకి లేపుతుంటే, పచ్చా మట్టీ పక్కపక్కన, మధ్యలో ఆ సన్నటి మసక. ప్లాస్టిక్ ముక్కలన్నీ కలిసి ఆ నిమిషంలో విమానం అయిపోయాయి. ఇన్నేళ్ళలో అంతకంటే సంతోషం కలిగించిన దృశ్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

* * *

డీకాల్స్‌కి, అంటే నీళ్ళలో నానబెట్టి అతికించే గుర్తులకి, ముందు మెరిసే వార్నిష్ పూత తప్పనిసరి. మెరుపులేని మాట్ రంగు గరుకుగా ఉంటుంది. దాని మీద డీకాల్ వేస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. గిన్నెలో నీళ్ళు, అందులో తేలే కాగితం, దాని మీంచి జారే గుండ్రటి ఎరుపు, తెలుపు, నీలం. వాటిని సరిగ్గా చోటుకి జరిపి, తడి దూదితో మధ్య నుంచి అంచుకి అద్దడం.

రెక్క ముందంచున తుపాకుల కంతల మీద ఎర్ర గుడ్డముక్కలు అతికించేవారు అసలు విమానాల్లో. దుమ్ము, చలి లోపలికి పోకుండా. తుపాకులు పేలిస్తే అవి చిరిగిపోతాయి. తిరిగొచ్చిన విమానం కంతలు తెరుచుకుని గాలికి ఈల వేస్తుంటే, పేల్చి వచ్చిందని కిందున్నవాళ్ళకి దిగకముందే తెలిసిపోయేదట. పెదనాన్న పల్చటి కాగితంతో ఆ ఎర్రముక్కలు చేసి, కుడిరెక్కవి చెక్కుచెదరకుండా ఉంచారు. ఎడమరెక్కవి చింపి, అక్కడ నుంచి రెక్క కింద వెనక్కి మసి చారలు వేశారు. నిజంగా అయితే రెండూ ఒకేసారి చిరుగుతాయి. రెండు రకాలూ నాకు చూపించాలని అలా చేశారు. ఆయన లెక్క తప్పిన చోటు అదొక్కటే, అది నా కోసం.

అరుగుదల విషయంలో మాత్రం చాలా కచ్చితం. ఎడమరెక్క మొదట్లో, పైలట్ ఎక్కే చోట, మెకానిక్కులు మోకాళ్ళేసే చోట, స్పాంజి ముక్కతో వెండి చుక్కలు అద్దారు. తోక చుక్కాని మీద ఒక్కటి కూడా పెట్టలేదు. ఎందుకంటే అది లోహం కాదు, చట్రం మీద గుడ్డ. గుడ్డ మీద రంగు లేస్తే వెండి ఎక్కణ్ణించి వస్తుంది? ఇప్పుడు కొందరు కట్టిన మోడల్స్‌లో చుక్కాని మీద కూడా వెండి గీతలు చూస్తే నాకు వెంటనే ఆయన గొంతు వినిపిస్తుంది.

అన్నిటికంటే చివర యాంటెనా తీగ. ఇప్పుడు సాగే దారం దొరుకుతోంది, రెండు చివరలా అంటిస్తే పని అయిపోతుంది. ఆయన మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేము ముక్కని కొవ్వొత్తి మంటకి కాస్త పైన పట్టుకుని తిప్పేవారు. మధ్యలో మెరుపు వచ్చి, మెత్తబడి, కుంగిపోబోయే ముందు మంట నుంచి తప్పించి, ఒక లెక్క ఆగి, రెండు చేతులూ ఒకేసారి పక్కలకి. తొందరపడితే తెగుతుంది, ఆలస్యమైతే గట్టిపడుతుంది. సరిగ్గా లాగితే బారెడు పొడవున వెంట్రుకంత తీగ గాల్లో మిగిలిపోతుంది. దాన్ని కాక్‌పిట్ వెనకున్న కంబం నుంచి తోక దాకా కట్టి, కాస్త వదులుంటే అగరొత్తి నిప్పుని దగ్గరగా తెచ్చి తీసేసేవారు. ఆ వేడికి అది బిగుసుకుని నిటారుగా నిలిచేది.

* * *

ఉద్యోగంలో పడ్డాక నేను రావడం తగ్గింది. ఆ మధ్య వచ్చినప్పుడు చూస్తే ఆయన చేతికి వణుకు మొదలైంది. బ్రష్ మానేసి, కిట్లు కొని, పెట్టె తెరిచి, ముక్కలు చూసుకుని, మళ్ళీ మూసి పెట్టుకునేవారు. ఆ వరసలో ఆఖరుది సొరుగు పక్కనే దొరికింది. అదే 1/24లో హాకర్ హరికేన్. స్పిట్‌ఫైర్‌కి పేరొచ్చింది, హరికేన్ పని చేసింది అనేవారు. 1940 బ్రిటన్ యుద్ధంలో శత్రువిమానాలని ఎక్కువగా కూల్చింది హరికేన్లే.

దాన్ని నేను మొదలుపెట్టాను. ఇది ఇంకాస్త పెద్దది, రెక్కలు దాదాపు 51 సెంటీమీటర్లు. ఇంజన్ అదే మెర్లిన్. రాగితీగ వైర్లు పెట్టాను, కవర్లు అతికించడం లేదు. వెనక సగం అంతా చట్రం మీద గుడ్డ కాబట్టి అక్కడ వెండి చుక్క ఒక్కటీ పడదు. ముక్కు దగ్గరా, పైలట్ కాలు పెట్టే చోటా మాత్రమే.

కడుపు భాగానికి స్కై వేయడం లేదు. పెదనాన్నకి స్కై ఇష్టం. నాకు అంతకుముందుది, నలుపు తెలుపుల పద్ధతి ఇష్టం. కిందున్న సొంతవాళ్ళు గుర్తుపట్టాలని ఎడమరెక్క అడుగు నలుపు, కుడిరెక్క అడుగు తెలుపు వేసేవారు, 1940 జూన్ దాకా. కొన్నిటికి ముక్కు కింద, తోక కింద వెండిరంగు వదిలేశారు. కొన్నిటికి నలుపు తెలుపు రెండూ బాడీ మధ్యగీత దాకా వచ్చి కలుస్తాయి. నేను రెండోది ఎంచుకున్నాను. ఆ మధ్యగీత చక్రాల గూటి మీదుగా పోతుంది, టేపు సరిగ్గా పట్టించడం కష్టం. ముందు తెలుపే వేయాలి, నలుపు మీద తెలుపు కప్పదు. పలచటి పూతలు మూడు వేశాను, నాలుగోది ఆరుతోంది. ఆరాక టేపు వేసి నలుపు మొదలుపెడతాను.